పసిపాపకు జ్ఞానస్నానం: వాక్యం మాటా, శ్రీసభ మాటా?

ప్రశ్న: నేను విశ్వాసుల బాప్తిస్మం మాత్రమే ఇచ్చే సహవాసంలో పెరిగాను. డిగ్రీ చదివే రోజుల్లో నా సొంత ఒప్పుకోలుతో నీటి బాప్తిస్మం తీసుకున్నాను. తరువాత ఆర్.సి.ఎం. కుటుంబానికి కోడలిగా వెళ్లాను. పెళ్లి వారి దేవాలయంలోనే, మేత్రాణుల (బిషప్ గారి) అనుమతితో జరిగింది. ఇప్పుడు మాకు మూడు నెలల పాప. పాపకు వెంటనే జ్ఞానస్నానం (వాళ్లు బాప్తిస్మాన్ని అలా అంటారు) ఇప్పించాలని, ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లకు తీసుకెళ్లి పుట్టువెంట్రుకలు తీయించాలని మా అత్తగారు పట్టుబడుతున్నారు. కతోలిక శ్రీసభలో మొదటినుంచీ ఉన్నదే కదా అంటారావిడ. బైబిల్లో ఒక్క వచనం చూపించమను, నేనే వచ్చి పక్కన నిలబడతాను అంటాడు మా అన్నయ్య. మావారు మాత్రం నోరు విప్పరు. క్రైస్తవులకు వాక్యం ఒక్కటే ప్రమాణమా, సంఘ సంప్రదాయానికి కూడా అధికారం ఉందా? నేను ఎవరి మాట వినాలి? – గుంటూరు జిల్లా నుంచి ఒక సోదరి

సమాధానం: సోదరీ, నేను ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నానో ముందే చెప్పడం న్యాయం. నేను లూథరన్ సంఘంలో పుట్టి, పసితనంలోనే బాప్తిస్మం పొంది, నేటికీ ఆ సంఘంలోనే ఉన్నవాడిని. లేఖనాలకు మీ అన్నయ్యగారు ఇచ్చే అగ్రస్థానాన్నే నేనూ ఇస్తాను. అయినా మీ అత్తగారు కోరుతున్న జ్ఞానస్నానం పట్ల నాకు అభ్యంతరం లేదు. ఈ రెండూ ఒక్క మనిషిలో ఎలా పొసగుతాయన్న అనుమానం మీకు వస్తే మంచిదే. మీ ఇంట్లో వాక్యం ఒకవైపు, సంప్రదాయం మరోవైపు నిలబడి పోట్లాడుకుంటున్నాయని మీ వాళ్లిద్దరూ అనుకుంటున్నారు. కానీ పసిపిల్లల బాప్తిస్మం మీద క్రైస్తవుల మధ్య వచ్చిన అతి తీవ్రమైన తగవు అలా మొదలవలేదు.

అది 1525 జనవరిలో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ నగరంలో మొదలైంది. అంతకు రెండేళ్ల ముందే ఆ నగర సభ, బోధకులు లేఖనాల ఆధారం చూపగలిగినదే బోధించాలని తీర్మానించింది. ఆ మార్పుకు నాయకుడు ఉల్రిక్ జ్వింగ్లీ. ఉపవాస నియమాలను, దేవాలయాల్లోని స్వరూపాలను, పోపు గారి అధికారాన్ని ఆయన ఒకే ప్రశ్నతో నిలదీశాడు: ఇది లేఖనాల్లో ఎక్కడుంది? ఆ ప్రశ్న వేయడం ఆయన దగ్గరే నేర్చుకున్న కొన్రాడ్ గ్రేబెల్, ఫెలిక్స్ మాన్జ్ అనే యువకులు దానినే ఆయన మీదికి తిప్పి, పసిపిల్లలకు బాప్తిస్మం లేఖనాల్లో ఎక్కడుందని అడిగారు. గ్రేబెల్‌కు అప్పుడే కుమార్తె పుట్టింది. ఆ బిడ్డకు ఆయన బాప్తిస్మం ఇప్పించలేదు. జనవరి 17న నగర సభ ముందు రెండు పక్షాలూ బైబిలు చేతపట్టుకునే వాదించాయి. అబ్రాహాముతో చేసిన నిబంధనలో ఎనిమిదో దినాన బిడ్డకు సున్నతి ఉన్నట్టే కొత్త నిబంధనలో బాప్తిస్మం ఉన్నదని జ్వింగ్లీ అన్నాడు. ముందు నమ్మిక, ఆ తరువాతే బాప్తిస్మం అన్న క్రమమే అపొస్తలుల కార్యముల గ్రంథంలో కనిపిస్తుందని ఆ యువకులు అన్నారు. సభ జ్వింగ్లీ పక్షాన తీర్పు చెప్పి, బిడ్డలకు ఎనిమిది రోజుల్లోగా బాప్తిస్మం ఇప్పించనివారు ఊరు విడిచి పోవాలని ఆజ్ఞాపించింది. జనవరి 21న మాన్జ్ తల్లి ఇంట్లో కూడుకున్నప్పుడు గ్రేబెల్, అంతకుముందు కతోలిక గురువుగా (ఫాదర్‌గా) ఉన్న జార్జ్ బ్లౌరాక్‌కు బాప్తిస్మం ఇచ్చాడు. 1527 జనవరి 5న మాన్జ్‌ను చేతులు కట్టి లిమ్మత్ నదిలో ముంచి చంపారు. చంపించినవారూ చచ్చినవారూ వాక్యం మాత్రమే ప్రమాణమని నమ్మినవారే.

మీ సహవాసం ఆ యువకుల మాటను నిలబెట్టింది. మా లూథరన్ సంఘం, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా) సంఘం పసిబిడ్డలకు బాప్తిస్మం ఇస్తూ వచ్చాయి. మీ ప్రాంతంలోనే ఒక వీధిలో లూథరన్ దేవాలయం, మరో వీధిలో బాప్టిస్టు దేవాలయం ఉంటాయి. రెండింటిలోనూ చదివేది ఒకే తెలుగు బైబిలు, రెండూ దానినే ప్రమాణమంటాయి. అయినా ఒకచోట పసిబిడ్డ నుదుటి మీద నీళ్లు పోస్తారు, ఇంకొకచోట ఎదిగినవారిని తొట్టిలోనో కాలువలోనో ముంచుతారు. కాబట్టి వాక్యమే ప్రమాణమని మీరు ఒప్పుకున్నంత మాత్రాన మీ పాప సంగతి తేలిపోదు. జ్వింగ్లీ, మా సంఘానికి మూలపురుషుడైన మార్టిన్ లూథరు ఈ ఒక్క విషయంలో పాత అలవాటును వదులుకోలేకపోయారని మీ అన్నయ్యగారు అనవచ్చు. అది తేలిగ్గా కొట్టిపారేయదగిన మాట కాదు. లూథరు 1529లో రాసిన పెద్ద ప్రశ్నోత్తర గ్రంథంలో పసిపిల్లల బాప్తిస్మాన్ని సమర్థిస్తూ, అలా బాప్తిస్మం పొందిన ఎంతోమందికి దేవుడు తన పరిశుద్ధాత్మను ఇచ్చి పవిత్రపరిచాడు కదా, అది చెల్లనిదైతే ఇన్ని వందల ఏళ్లు సంఘమన్నది ఎలా నిలిచి ఉంటుందని అడిగాడు. ఇది వచనం చూపించి చేసిన వాదన కాదు, సంఘం బతికిన బతుకును సాక్ష్యంగా పిలిచిన వాదన. మా సంఘంలో పుట్టినవాళ్లం ఆ సంగతి దాచుకోనక్కరలేదు.

ఇక లేఖనాల్లో ఏమున్నది? ఫిలిప్పీలో లూదియ, ఆమె ఇంటివారు బాప్తిస్మం పొందారు. అదే ఊళ్లో చెరసాల నాయకుడు, అతనివారందరూ ఆ రాత్రే పొందారు. స్తెఫను ఇంటివారికి తాను ఇచ్చానని కొరింథీయులకు పౌలు రాశాడు. ఆ ఇళ్లలో చంటిపిల్లలు ఉన్నారని ఎక్కడా లేదు, లేరనీ లేదు. పెంతెకొస్తు దినాన పేతురు ఆ వాగ్దానం మీకును మీ పిల్లలకును అన్నాడు, కానీ దానికి ముందే మారుమనస్సు పొందమన్నాడు. విశ్వాసుల ఇంట పుట్టిన బిడ్డకు బాప్తిస్మం ఇచ్చిన సంఘటన కొత్త నిబంధనలో ఒక్కటీ లేదన్నది నిజం. అలాంటి ఇంట పుట్టిన బిడ్డ పెద్దయ్యేదాకా ఆగి బాప్తిస్మం పొందిన సంఘటన కూడా ఒక్కటీ లేదన్నదీ అంతే నిజం. మీ అన్నయ్యగారు అడిగే ఒక్క వచనం లేదు, అయితే ఆయన పద్ధతికీ అలాంటి వచనం లేదు. రెండు పక్షాలూ లేఖనాల మొత్తం దిశను చూసి ఒక నిర్ణయానికి వచ్చినవే.

మీ అత్తగారి వైపు చూస్తే, ‘మొదటినుంచీ’ అన్న మాట కూడా ఆవిడ అనుకున్నంత నిఖార్సైనది కాదు. క్రీ.శ. 200 ప్రాంతంలో కార్తేజ్ నగరవాసి, క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్, పసివాళ్లను తొందరపెట్టి తీసుకురావద్దు, ఎదిగి క్రీస్తును ఎరిగినప్పుడు రానివ్వండి అని రాశాడు. అంటే ఆ నాటికే ఆ ఆచారం ఉన్నది, దాని మీద అభ్యంతరమూ ఉన్నది. మరికొన్ని దశాబ్దాలకు ఒరిగెన్ అనే క్రైస్తవ పండితుడు, పసివారికి కూడా బాప్తిస్మం ఇచ్చే పద్ధతి అపొస్తలుల నుంచి సంఘానికి సంక్రమించినదేనని రాశాడు. 253 ప్రాంతంలో కార్తేజ్ పీఠాధిపతి (బిషప్) సిప్రియన్, ఆయన తోటి పీఠాధిపతులు ఎనిమిదో రోజు దాకా ఆగనక్కరలేదన్నారు. ఇవన్నీ మీ అత్తగారికి బలమైన సాక్ష్యాలే. అయితే ఆవిడకు ప్రీతిపాత్రుడైన పునీత అగుస్తీను సంగతో? ఆయన తల్లి మోనికమ్మ భక్తికి పేరుపడ్డ తల్లి, అయినా పసితనంలో ఆయనకు జ్ఞానస్నానం ఇప్పించలేదు. ముప్పై దాటాక, 387లో ఈస్టరు జాగరణ రాత్రి, మిలాన్‌లో పునీత అంబ్రోసు చేతుల మీదుగా ఆయన జ్ఞానస్నానం పొందాడు. నాలుగో శతాబ్దంలో అనేక క్రైస్తవ కుటుంబాలు ఇలాగే వాయిదా వేశాయి. మూడు నెలల పాపకు ఇంకొంతకాలం ఆగడం మహాపరాధం అన్నట్టు ఎవరైనా మాట్లాడితే ఈ సంగతి మృదువుగా గుర్తుచేయవచ్చు. ఆ తరువాత అగుస్తీనే పసిపిల్లల జ్ఞానస్నానాన్ని గట్టిగా సమర్థించాడని కూడా చెప్పండి, సగం మాట చెప్పి ఊరుకోవద్దు.

ఇప్పుడు మీ పెద్ద ప్రశ్నకు వస్తాను. 1521 ఏప్రిల్ 18న వర్మ్స్ నగరంలో చక్రవర్తి ఎదుట నిలబడి లూథరు చెప్పింది, పోపులు, మహాసభలు పలుమార్లు పొరబడ్డారు గనుక లేఖనాల సాక్ష్యంతోనో స్పష్టమైన హేతువుతోనో ఒప్పిస్తే తప్ప తన రాతలను ఉపసంహరించుకోనని. పూర్వులు చెప్పినదంతా పారేయమని ఆయన అనలేదు. అపొస్తలుల విశ్వాస ప్రమాణాన్ని ప్రశ్నోత్తర గ్రంథంలో పెట్టి పిల్లల చేత వల్లె వేయించాడు. సంప్రదాయం సాక్ష్యం చెప్పవచ్చు, వివరించవచ్చు, దారి చూపవచ్చు, కానీ చివరి తీర్పు దానిది కాదన్నదే ఆయన మాట. ఇది మన ఊళ్లలో వినిపించే ‘బైబిల్లో లేనిది ఏదీ వద్దు’ అన్న మాటకంటే చాలా వేరు. రెండో మాటను అక్షరాలా పాటించిన సంఘాన్ని నేను ఇంతవరకు చూడలేదు. మంచి శుక్రవారం నాడు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా, ఏడుగురు బోధకులు ఒకరి తరువాత ఒకరు లేచి సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ప్రసంగించే ఆరాధన మన తెలుగు సంఘాల్లో దాదాపు అంతటా ఉన్నది. సంప్రదాయాన్ని గట్టిగా ఖండించే సంఘాలు కూడా అనేకం దానిని మానవు. ఆ మూడు గంటల భక్తిక్రమం పెరూ దేశంలోని లిమా నగరంలో అలోన్సో మెస్సియా అనే కతోలిక జెస్యూట్ గురువు ప్రారంభించినది. దానిలో తప్పేమీ లేదు, నాకు ఎంతో ఇష్టమైన ఆరాధన అది. సంప్రదాయం లేని సంఘం ఉండదని చెప్పడానికే దానిని తీసుకువచ్చాను.

ఇంతకంటే లోతైన సంగతులూ ఉన్నాయి. కొత్త నిబంధనలో 27 పుస్తకాలు అని ఏ పుస్తకంలోనూ రాసి లేదు. సరిగ్గా ఆ 27 పుస్తకాల పట్టిక మనకు మొదట కనిపించేది 367లో అలెగ్జాండ్రియా పీఠాధిపతి అతనాసియుసు తన సంఘాలకు రాసిన పండుగ లేఖలో. సంఘం ఆ పుస్తకాలకు అధికారం ఇవ్వలేదు, వాటిలో ఉన్న అధికారాన్ని గుర్తుపట్టింది అని మేము జవాబిస్తాం. ఆ జవాబు సరైనదనే నేను నమ్ముతాను, కానీ గుర్తుపట్టింది సంఘమేనన్న మాట అందులోనే ఉన్నది. త్రిత్వం సంగతి కూడా ఇంతే. తండ్రి నాకంటె గొప్పవాడన్న ప్రభువు మాటను, సామెతల గ్రంథం ఎనిమిదో అధ్యాయాన్ని పట్టుకునే అరియుసు, కుమారుడు తండ్రి చేత సృష్టించబడినవాడేనన్న తన బోధను నిలబెట్టుకున్నాడు. 325లో నీకయ మహాసభ లేఖనాల్లో లేని పదాన్ని వాడి, కుమారుడు తండ్రితో ఏకతత్వం గలవాడని ప్రకటించి ఆ బోధను తోసిపుచ్చింది. మీ అన్నయ్యగారు త్రిత్వాన్ని ఒప్పుకోని యెహోవాసాక్షులతో వాదించిన రోజు ఉంటే, వచనానికి వచనం చూపించడంతో ఆ వాదన తెగదని ఆయనకే తెలిసి ఉంటుంది. ఆ పూట ఆయన నీకయ సభ పక్షాన నిలబడ్డాడు, తెలిసినా తెలియకపోయినా.

అయితే మీ అత్తగారు చెబుతున్నదే కతోలిక శ్రీసభ బోధ అనుకోకండి. 1546 ఏప్రిల్ 8న ట్రెంట్ మహాసభ, గ్రంథస్థమైన లేఖనాలనూ అపొస్తలుల నుంచి నోటిమాటగా సంక్రమించిన సంప్రదాయాలనూ సమానమైన భక్తిగౌరవాలతో స్వీకరిస్తున్నామని ప్రకటించింది. 1965 నవంబరు 18న రెండవ వాటికన్ మహాసభ దైవవాక్కు గురించి వెలువరించిన ప్రకటనలో, ఆ రెండూ ఒకే ఊట నుంచి పుట్టి ఒకే నిధిగా ఉన్నాయని, శ్రీసభ బోధనాధికారం దేవుని వాక్కుకు పైది కాదని, దానికి సేవ చేసేదని స్పష్టంగా చెప్పింది. 1992లో వచ్చిన కతోలిక సత్యోపదేశం (శ్రీసభ అధికారిక బోధనా గ్రంథం) ఇంకొక అడుగు వేసి, అపొస్తలుల నుంచి వచ్చిన సంప్రదాయం వేరు, ఆయా ప్రాంతాల్లో కాలక్రమేణా పుట్టిన భక్తి ఆచారాలు వేరని, రెండో రకాన్ని నిలుపుకోవచ్చు, మార్చుకోవచ్చు, వదిలేయవచ్చునని అన్నది. గుణదలలో మరియమాత స్వరూపాన్ని నిలిపింది 1924లో. అక్కడ తలనీలాలు ఇవ్వడం మన నేల మీద పుట్టిన మొక్కుబడి. మీ అత్తగారి భక్తిని నేను తక్కువ చేయడం లేదు, కానీ జ్ఞానస్నానాన్నీ పుట్టువెంట్రుకలనూ ఒకే మూటలో కట్టి ‘శ్రీసభ ఆజ్ఞ’ అని చెప్పే హక్కు ఆవిడకు ఆవిడ శ్రీసభే ఇవ్వలేదు. విచారణ గురువులను, అంటే ఆ దేవాలయం ఫాదర్‌గారిని అడిగితే వారూ ఇదే చెబుతారు. అదే మూటను మీ అన్నయ్యగారూ విప్పకుండానే తోసివేస్తున్నారు.

ప్రభువు పరిసయ్యులను మందలించిన మార్కు సువార్త ఏడో అధ్యాయాన్ని ఈ సందర్భంలో అందరూ ఎత్తి చూపుతారు. అక్కడ సంగతి కొర్బాను. తల్లిదండ్రులకు ఇవ్వవలసిన దానిని దేవునికి అర్పితమని ప్రకటించి, వారిని పోషించే బాధ్యత నుంచి తప్పించుకునే ఏర్పాటు అది. దేవుని ఆజ్ఞను రద్దు చేసే ఆచారాన్ని ఆయన ఖండించాడు. పూర్వుల నుంచి వచ్చిన ప్రతిదానినీ ఖండించాడనుకుంటే, వాడుక చొప్పున విశ్రాంతిదినాన సమాజమందిరానికి వెళ్లాడని లూకా ఎందుకు రాస్తాడు? యెరూషలేములో ఆలయ ప్రతిష్ఠిత పండుగనాడు ఆయన దేవాలయంలో ఉన్నాడని యోహాను రాశాడు. ఆ పండుగ పుట్టిన చరిత్ర మక్కబీయుల గ్రంథంలో ఉన్నది. విడ్డూరం ఏమిటంటే ఆ గ్రంథం మీ అత్తగారి బైబిల్లో ఉంది, మీ అన్నయ్యగారి బైబిల్లో లేదు. మరోవైపు పౌలు థెస్సలొనీకయులకు, మా నోటిమాటవలన గాని పత్రికవలన గాని నేర్చుకున్నవాటిని గట్టిగా పట్టుకోండి అని రాశాడు. ఆ నోటిమాటలో పత్రికల్లోకి ఎక్కనిది ఎంత ఉన్నది, ఉంటే దానిని నేడు మనకు నమ్మకంగా అందించేవారెవరు అన్నదగ్గరే కతోలికులకూ మాకూ అసలు తేడా. ఈ తేడా చిన్నదని మిమ్మల్ని నమ్మించబోను. 1950లో పోపు పన్నెండవ భక్తినాథుడు (పయస్) మరియమాత ఆత్మశరీరాలతో పరలోకానికి కొనిపోబడిందన్నది విశ్వాససత్యమని ప్రకటించినప్పుడు, అది లేఖనాల్లో చెప్పబడలేదు గనుక మనస్సాక్షిని దానికి కట్టివేయకూడదన్నది మా పక్షం. నేను ఇప్పటికీ ఆ పక్షమే. మీ పాప జ్ఞానస్నానం మాత్రం ఆ తేడా వెంట పుట్టిన తగవు కాదు.

ఇక మీరు చేయవలసింది. మీవారు నోరు విప్పరని రాశారు, ఆయన మౌనానికి ఒక కారణం ఉండి ఉండవచ్చు. కతోలికులు ఇతర సంఘస్థులను వివాహమాడడానికి అనుమతి కోరినప్పుడు, పుట్టబోయే బిడ్డలకు కతోలిక శ్రీసభలో జ్ఞానస్నానం ఇప్పించి అందులోనే పెంచడానికి తన శక్తికొద్దీ ప్రయత్నిస్తానని మాట ఇవ్వాలి. ఆ మాట ఇచ్చినట్టు రెండో పక్షానికి తెలియజేయాలన్నది కూడా అదే నియమంలో ఉన్నది. పెళ్లికి ముందు మీకు ఎవరైనా ఇది చెప్పారా, చెప్పి ఉంటే ఆ హడావిడిలో మీరు విన్నారా? ఈ సంగతిని మీరిద్దరూ తలుపు వేసుకుని మాట్లాడుకోవాలి. ఇది వాక్యమా సంప్రదాయమా అన్న వాదన కాదు, ఇచ్చిన మాట సంగతి. శక్తికొద్దీ అన్న మాటను మాత్రం గమనించండి. మిమ్మల్ని బలవంతం చేస్తానని ఆయన మాట ఇవ్వలేదు, మీ మనస్సాక్షికి కూడా ఆ ఇంట్లో చోటున్నది. శ్రీసభ చట్టం ప్రకారం తల్లిదండ్రుల్లో ఒక్కరి సమ్మతి ఉన్నా బిడ్డకు జ్ఞానస్నానం ఇవ్వవచ్చు. మీకు చెప్పకుండా ఒక ఆదివారం ఆ పని జరిగిపోతే మీ కాపురానికి కలిగే గాయం చాలాకాలం మానదు గనుక, అది జరగకుండా చూసే బాధ్యత మీవారిదని ఆయనకు సూటిగానే చెప్పండి.

నా సలహా అడిగారు కాబట్టి, జ్ఞానస్నానానికి ఒప్పుకోవడంలో మీ విశ్వాసానికి ద్రోహం లేదని నేను అనుకుంటాను. 1970లో ఏర్పడిన ఉత్తర ఇండియా సంఘంలో బాప్టిస్టులు, పసిపిల్లలకు బాప్తిస్మం ఇచ్చేవారు ఒకే సంఘంగా కలిశారు. రెండు పద్ధతులనూ అంగీకరించి, ఏది ఎన్నుకోవాలన్నది కుటుంబానికే వదిలేశారు. అది వాక్యాన్ని వదులుకోవడమని వారిలో ఏ పక్షమూ అనుకోలేదు. అయితే ఒక చిక్కు మీ ముందు పెట్టాలి. మీ పాప ఎదిగాక మీ అన్నయ్యగారి సహవాసంలో చేరదలిస్తే వారు మళ్లీ బాప్తిస్మం అడుగుతారు, కతోలిక శ్రీసభేమో ఒకసారి పొందిన జ్ఞానస్నానం మళ్లీ ఇవ్వరాదంటుంది. ఆ చిక్కును నేడు మీరు ఎలా నిర్ణయించినా తప్పించలేరు. దానిని అప్పటికి ఆ అమ్మాయికే వదిలేయాలి.

మీ అన్నయ్యగారు పక్కన నిలబడతానన్న మాటను ఆయన ఎత్తిపొడుపుగానే అన్నా, దానికి చోటున్నది. కతోలికుడైన జ్ఞాన తండ్రి గానీ జ్ఞాన తల్లి గానీ ఒకరుంటే, వారితో పాటు బాప్తిస్మం పొందిన ఇతర సంఘస్థుడు సాక్షిగా నిలబడడానికి శ్రీసభ చట్టం అనుమతిస్తుంది. ఆయన రాకపోవచ్చు. రమ్మని అడగడం మాత్రం మీ పని. గుణదల మొక్కు విషయంలో మీకు మనసొప్పకపోతే వద్దని చెప్పడానికి ఏ బోధా అడ్డురాదు, కానీ ఆ ‘వద్దు’ మీ నోటినుంచి కాక మీవారి నోటినుంచి వాళ్లమ్మగారికి చేరడం మంచిది.

విచారణ గురువుల దగ్గరికి మీరూ మీవారూ ఇద్దరే వెళ్లండి, పెద్దలను వెంట తీసుకెళ్లవద్దు. జ్ఞానస్నాన ఆరాధన క్రమంలో తల్లిదండ్రులిద్దరినీ ప్రశ్నలు అడుగుతారు, వారి చేత విశ్వాస ప్రమాణం పలికిస్తారు. ఆ పాఠం ముందుగానే అడిగి తీసుకుని ఇంట్లో తీరిగ్గా చదవండి. మీరు నిండు మనసుతో పలకగలిగినవేవో, పలకలేనివేవో గుర్తుపెట్టుకుని, పలకలేనిచోట మౌనంగా ఉండవచ్చునా అని తేదీ నిర్ణయించకముందే గురువులను అడగండి.